తమ్ముడి గిటారు, మా ఊరి ఎండ

మా ఇంట్లో ఒక బాస్ గిటారు ఉంది. నాకు వాయించడం రాదు. 2009లో మా తమ్ముడు పైచదువులకని విదేశం వెళ్తూ, "ఏడాదిన్నరలో వచ్చేస్తా, అంతవరకూ దీన్ని జాగ్రత్తగా చూడన్నా" అని నా చేతికిచ్చి రైలెక్కాడు. ఆ ఏడాదిన్నర పదిహేనేళ్ళు దాటింది. వాడికక్కడ ఇల్లూ వాకిలీ, ఇద్దరు పిల్లలూ ఏర్పడ్డారు. గిటారు మాత్రం గుత్తిలోనే ఉండిపోయింది. మళ్ళీ వచ్చి తీసుకుపోతామని చెప్పి ఇక్కడ వదిలిపెట్టడం మా ఊరికి కొత్తేమీ కాదు లెండి. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయిన సర్ థామస్ మన్రోను తెచ్చి ఇక్కడే పూడ్చారు. నాలుగేళ్ళ తర్వాత, 1831లో, అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. ఆ లెక్కన మా తమ్ముడు మన్రోగారి వాళ్ళకంటే చాలా ఆలస్యం చేశాడు.

ఈ పదిహేనేళ్ళలో నాకు బోధపడిందొకటే. మా మెట్టసీమలో "భద్రపరచడం" అంటే "ఎండబెట్టడం" అని అర్థం. వేరుశనగకాయలు ఎండబెట్టి గోతాలకెత్తుతాం. చింతపండు ఎండబెడతాం, మిరపకాయలు ఎండబెడతాం, విత్తనాలు ఎండబెట్టి బూడిద కలిపి కుండల్లో పోస్తాం. తడి అంటే బూజు, పురుగు, నష్టం. తరతరాల ఈ జ్ఞానం తిండిగింజల విషయంలో నూటికి నూరుపాళ్ళూ నిజం. కొయ్యవాద్యం విషయంలో మాత్రం అదే చేటు.

నేనూ అదే చేశాను. మేడమీది గదిలో, కప్పు వేడెక్కే చోట, ఇనుప బీరువాలో పెట్టాను. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు ఓ పదిహేను పోగేసి చుట్టూ పేర్చాను. కలరా ఉండలు కూడా వేశాను. తీగలు బిగుతుగా ఉంటే మెడ వంగిపోతుందని ఎవరో చెప్పగా నాలుగు తీగలనూ పూర్తిగా వదులు చేశాను. బీరువాకు తాళం వేసి, తాళంచెవి అమ్మకిచ్చాను. ఇంతకంటే భద్రం ఏముంటుంది?

రెండో వేసవి దాటాక, తమ్ముడి పుట్టినరోజున అమ్మ చూడాలంటే తీశాను. మెడ పక్కన వేలు పెట్టి జరిపితే రంపం మీద జరిపినట్టు గీసుకుపోయింది. కొయ్య అడ్డంగా కుంచించుకుంది, లోహపు మెట్లు కుంచించుకోవుగదా, వాటి కొసలు బయటికి పొడుచుకొచ్చాయి. మెడ వెనక్కు వంగింది. తీగలు బిగించి మీటితే ప్రతి స్వరమూ మెట్లకు కొట్టుకుని గరగరమంది. అమ్మ ఏమీ అనలేదు, మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్ళింది. అమ్మ మౌనానికి కారణముంది. తన వీణకూ ఇదే గతి పట్టించాం మేము.

అమ్మది పనసకొయ్య వీణ. పెళ్ళయి గుత్తికొచ్చాక కొన్నాళ్ళు వాయించిందట. ఆ తర్వాత పిల్లలు, పనులు. పాత చీర చుట్టి, అటకమీద పెట్టారు. "పైన ఉంటే ఎవరూ తాకరు, భద్రంగా ఉంటుంది" అన్నది నాయన మాట. వీణ మెట్లను మైనంలో నిలుపుతారని మీకు తెలుసు. తేనెమైనం అరవై డిగ్రీలు దాటితేగానీ కరగదు, కానీ మెత్తబడటానికి అంత వేడి అక్కర్లేదు. ఏప్రిల్ మధ్యాహ్నం నాపరాళ్ళ కప్పుకింద అటక ఎలా ఉంటుందో ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పనవసరం లేదు. ఇరవైయేళ్ళ తర్వాత దించి చూస్తే మెట్లన్నీ ఓ పక్కకు ఒరిగి ఉన్నాయి, కుండ మీద జానెడు బీట. బొబ్బిలిలోనో నూజివీడులోనో అయితే ఆ పనసకొయ్యకు ఇంత దప్పిక ఉండేది కాదేమో. మా అనంతపురం వైపు ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరుగుతుంది, అందులో మిగతా నెలలకంటే ఎక్కువ పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. అంటే నెలలతరబడి ఎండడం, ఉన్నట్టుండి ఉబ్బడం. కొయ్యను చంపేది ఎండకంటే కూడా ఈ ఊగులాటే.

గిటారును రైల్లో బెంగుళూరు తీసుకువెళ్ళాను. అక్కడ బాగుచేసే పెద్దమనిషి మెట్ల కొసలు ఆకురాయితో అరగదీస్తూ సిలికా పొట్లాల సంగతి విని నవ్వాడు. "మీ ఊళ్ళో మిగిలిన కాస్త తేమనూ వాటికి తాగించారా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు గానీ విషయం తెలిసింది. గిటార్లను దాచుకునే పద్ధతుల్లో తేమనుంచి కాపాడటం గురించి చెప్పేవన్నీ సముద్రపుటొడ్డు వాళ్ళకు. మా శత్రువు వేరు. ఒడ్డున తీగలు తుప్పు పడతాయి, సంచికి బూజు పడుతుంది. ఇక్కడ ఆ బెడద తక్కువ. కొయ్య ఎండిపోకుండా చూసుకోవడమే మా పని.

ఆయన చెప్పిన రెండో సంగతి తీగల గురించి. బాస్ గిటారు నాలుగు తీగలూ కలిసి మెడను 70, 80 కిలోల బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడుకు ఎదురు నిలవడానికి మెడలోపల ట్రస్ రాడ్ అనే ఉక్కుకడ్డీ ఉంటుంది. ఒక పక్క లాగుడు మొత్తం తీసేస్తే కడ్డీ తన దారిన తాను మెడను వెనక్కు వంచుతుంది. తాడు లాగుడు పందెంలో ఒక జట్టు చెప్పకుండా తాడు వదిలేస్తే ఏమవుతుందో అదే. పూర్తిగా వదులు చేయాలనే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, నేను వాళ్ళతో ఏకీభవించను. ఒక పూర్తి స్వరం, అంటే రెండు మెట్లు, దించితే చాలు. లాగుడు స్వరస్థాయి వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి దాదాపు ఐదోవంతు తగ్గుతుంది. మెడకు ఊరట, కడ్డీకి పని, రెండూ ఉంటాయి.

ఇప్పుడు అది కింద పాత ఇంట్లో, మట్టిమిద్దె నడిమి గదిలో ఉంటోంది. ఆ గదికి బయటి గోడ లేదు, కిటికీ లేదు. బయట నలభై రెండు డిగ్రీలున్నా లోపల చల్లగానే ఉంటుంది. మా వాళ్ళు జొన్నలను పాతరలో ఎందుకు పోసేవారో ఆ గదిలో కూర్చుంటే అర్థమవుతుంది. నేలలోపల వేడీ గాలీ మారవు. ఎండబెట్టడం ఒక్కటే పట్టుకుని, మన పెద్దల రెండో తెలివిని మరిచిపోయాం మనం.

గట్టిపెట్టెలో గిటారుతో పాటు ఒక సబ్బుపెట్టె ఉంటుంది. దానికి రంధ్రాలు చేసి, తడిపి గట్టిగా పిండిన స్పాంజి పెట్టాను, కొయ్యకు తగలకుండా. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ కాబట్టి బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ వాడతాను. తేమను కొలిచే చిన్న మీటరు కొన్నాను. అలాంటివి తప్పు చూపడం మామూలే. ఉప్పులో కొద్దిగా నీళ్ళు చల్లి ముద్దలా చేసి, మీటరుతో పాటు మూత బిగించిన డబ్బాలో రాత్రంతా ఉంచితే లోపల 75 శాతం ఉండాలి. నాది 69 చూపింది. అప్పట్నుంచి ఆరు కలుపుకుంటున్నాను. పెట్టెలో 45కూ 55కూ మధ్య ఉంటే మంచిది. ఏప్రిల్ మధ్యాహ్నం బయట అదే మీటరు 30 కూడా చూపదు. వానలు పడే ఆ రెండు నెలలూ స్పాంజి తీసేస్తాను.

పక్కింటి పెద్దమ్మ ఒకసారి చూసి, "అట్ల ఎండిపోతాంటే కొంచెం శెనక్కాయనూనె రాయకూడదా నాయనా" అంది. ప్రేమతోనే అంది. కానీ శనగనూనె ఆరదు, జిడ్డుకట్టి కంపు కొడుతుంది. రంగు వేయని రోజ్‌వుడ్ పలకకు ఏడాదికోసారి దానికోసమే అమ్మే నూనె రెండు చుక్కలు రాసి తుడిస్తే సరిపోతుంది. వార్నిషు వేసిన మేపుల్ అయితే అదీ అక్కర్లేదు. లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉండే రకమైతే దాన్ని తీసెయ్యాలి, కారిందంటే తీగెలన్నీ తినేస్తుంది.

ఇంత చేసినా ఇంకొకటి మిగిలింది. దాని గురించే ఇదంతా రాయడం. తాళం వేసి పెట్టిన వాద్యం పాడవుతున్నా మనకు తెలియదు. అమ్మ వీణ బీట ఒక్కరోజులో పడలేదు. నెలకొకసారి ఎవరైనా దించి మీటి ఉంటే, మొదటి మెట్టు ఒరిగినప్పుడే చెవి చెప్పేది, మేళం మళ్ళీ కట్టించేవాళ్ళం. చూడ్డం వేరు, వాయించడం వేరు. నేను వారంవారం మీటరు చూస్తాను, కానీ మెడ వంగిందో లేదో నా వేళ్ళకేం తెలుసు?

అందుకే మూడేళ్ళ కిందట, మా వీధి చివర చర్చిలో పాటలకు వాయించే కుర్రాడిని పిలిచాను. తమ్ముడు మొదట ఒప్పుకోలేదు. "గీతలు పడతాయన్నా" అన్నాడు. గీతలు పడ్డాయి కూడా, కింద మూలన ఒక చోట రంగు రేగింది. కానీ ఇప్పుడు దాని వాల్యూం బిరడా తిప్పితే బరబరమనదు, తీగలు మారాయి, కడ్డీని ఏడాదికి రెండుసార్లు, వేసవికి ముందోసారి, వానల తర్వాతోసారి, పావు తిప్పు తిప్పుతున్నాం. ఆ కుర్రాడు శనివారం తీసుకెళ్ళి సోమవారం తెచ్చిస్తాడు. ఎండలోనుంచి తెచ్చిన పెట్టెను గంటసేపు తెరవకుండా గదిలో ఉంచాలని ఇప్పుడు వాడే నాకు గుర్తుచేస్తాడు. కొన్ని సోమవారాలు తెచ్చిచ్చేముందు వసారాలో కూర్చుని కాసేపు వాయిస్తాడు. అమ్మ తలుపు దగ్గర నిలబడి వింటుంది.

ఈ డిసెంబరులో క్రిస్మస్ పాటలకని దాన్ని మూడు రోజులు గుంతకల్లు తీసుకెళ్తానని అడుగుతున్నాడు. చలికాలం, ఎండ భయం లేదు. తమ్ముణ్ణి అడగాలి. వీణను బాగుచేయించే వాళ్ళెవరైనా మా వైపు ఉంటే తెలిసినవారు చెప్పగలరు.