27,409లో డ్రాయింగ్ మాస్టారు ఎక్కడ?

ఫైన్ ఆర్ట్స్ చదివి ఖాళీగా ఉన్న యువతను ప్రాథమిక పాఠశాలల్లో తాత్కాలిక టీచర్లుగా పెట్టుకుంటే చాలు, వాళ్లకు అనుభవం వస్తుంది, పిల్లలకు బొమ్మలూ పాటలూ వస్తాయి అన్న వాదన మళ్లీ మొదలైంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ మాట అనేవాళ్లెవరూ ఒక లెక్క జోలికి పోవడం లేదు. 2024లో తెలంగాణ డీఎస్సీ 11,062 పోస్టులకు జరిగింది. 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు జరిగింది. రెండూ కలిపితే 27,409. ఇందులో ఎస్జీటీలు, స్కూల్ అసిస్టెంట్లు, భాషా పండితులు, పీఈటీలు ఉన్నారు. డ్రాయింగ్, సంగీతం, క్రాఫ్ట్ టీచర్లు సున్నా.

తెలుగు టీచరు సెలవు పెడితే ఆమె బదులు ఇంకొకరు వస్తారు. ఆమె తిరిగొచ్చేదాకా పాఠం ఆగదు. బొమ్మల టీచరు ఎవరి బదులు వస్తాడు? 27,409 మందిలో ఒక్కరైనా ఉంటేగా!

ఈ సున్నాకు మూలం 2009 నాటి విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ఎవరూ తిరగేయని దాని షెడ్యూలు ఒక్కసారి చదవండి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లల సంఖ్య 100 దాటిన చోట చిత్రలేఖనం వంటి కళలకు, ఆరోగ్య, వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలంటుంది. నూరు దాటకపోతే ఆ మాత్రం కూడా లేదు. ఒకటి నుంచి ఐదు వరకైతే కళల టీచరు ఊసే లేదు. అంటే పిల్లవాడి చేతికి మొదటిసారి రంగు పెన్సిల్ వచ్చే వయసును చట్టం వదిలేసింది. పదకొండేళ్లు దాటాక, అదీ బడిలో తగినంత మంది ఉంటే, పూటకు లెక్కగట్టి ఒక మనిషిని ఇస్తానంది. కళ తప్పనిసరి పాఠ్యాంశంగా ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం అంతకుముందే సిఫారసు చేసింది. దాన్ని పక్కన పెట్టుకునే ఈ షెడ్యూలు రాశారు.

ఈ పనిలోకి రావాలనుకునే కుర్రవాడి దారి చూడండి. డ్రాయింగ్ లోయర్ పాసవ్వాలి, హయ్యర్ పాసవ్వాలి, ఆపైన వేసవిలో 42 రోజుల టీటీసీ శిక్షణ తీసుకోవాలి. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పరీక్షల విభాగమే ఈ పరీక్షలు పెడుతుంది, ఫీజు కట్టించుకుంటుంది, సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ సర్టిఫికెట్‌తో డీఎస్సీ నోటిఫికేషన్ తెరిస్తే అతనికి తగిన పోస్టు ఉండదు. మిగిలింది సమగ్ర శిక్ష కింద పార్ట్‌టైం కొలువు. ఏడాదికోసారి రెన్యువల్ కోసం ఎదురుచూపు. ఉత్తరప్రదేశ్‌లో ఇదే షెడ్యూలు కింద 2013లో తీసుకున్న ఇన్‌స్ట్రక్టర్లకు నెలకు 7,000 రూపాయలిచ్చారు. 2017లో దాన్ని 17,000 చేయడానికి ఆమోదం వచ్చినా చేతికి అందక వాళ్లు హైకోర్టు మెట్లెక్కారు. తాత్కాలిక టీచరుగా చేరితే అనుభవం వస్తుందని ఊరించేవాళ్లు, ఆ అనుభవం ఏ పోస్టుకు అర్హతగా పనికొస్తుందో చెప్పాలి. 27,409లో దేనికి పనికొచ్చింది?

ఎక్కడో ఒకచోట డ్రాయింగ్ మాస్టారు ఉన్నా ఆయన చేత ఏం చేయిస్తున్నారు? లెక్కల సారు రాకపోతే ఆ పీరియడ్ ఆయనకే. సోషల్ మేడం ట్రైనింగుకు వెళితే ఆ క్లాసూ ఆయనకే. జనవరి వచ్చిందంటే డ్రాయింగ్ పీరియడ్ టెన్త్ స్పెషల్ క్లాసుల్లో కలిసిపోతుంది. రిపబ్లిక్ డే బోర్డు రాయాలన్నా, అధికారి వస్తున్నారని గోడకు సూక్తులు రాయాలన్నా ఆయన్నే పిలుస్తారు. బడిలో అందరికీ బదులుగా నిలబడే మనిషి ఆయన. ఆయన పాఠానికి మాత్రం దిక్కు లేదు.

ఫలితం పిల్లల కాగితాల మీద కనబడుతుంది. ఏ ఊరి బడికైనా వెళ్లి మూడో తరగతి పిల్లలను బొమ్మ వేయమనండి. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందికి ఒక ఏరు, పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు. కొండే లేని కోనసీమలోనూ ఈ బొమ్మే, కొబ్బరిచెట్టు అరుదైన ఆదిలాబాద్‌లోనూ ఈ బొమ్మే. ముందు తరగతి వాళ్లు వేసింది చూసి వెనక తరగతి వాళ్లు వేస్తున్నారు. తెలిసిన టీచరైతే ముందు పిల్లలను బయటికి తీసుకెళ్లి బడి ముందున్న వేపచెట్టు కింద కూర్చోబెడతాడు. మాను నిజంగా గోధుమ రంగులోనే ఉందా, నీడ నల్లగానే ఉందా, కొమ్మ ఎక్కడ సన్నబడుతోంది అని అడుగుతాడు. పిల్లవాడు పది నిమిషాలు చెట్టు వంక చూసి అప్పుడు గీత పెడతాడు. అలా చూడటం అలవాటు కావడానికి వారాలు పడుతుంది. ఈ నెల ఒకరు, వచ్చే నెల ఇంకొకరు వస్తే ప్రతివాళ్లూ మొదటి పాఠం దగ్గరే మొదలుపెట్టాలి.

క్లాసు టీచరే అన్నీ చెప్పొచ్చు కదా, 2020 నూతన విద్యావిధానం కళను అన్ని సబ్జెక్టులలో కలిపి బోధించమంది కదా అంటారు. నిజమే, ఎస్జీటీల్లో చక్కగా పాడేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు ఉన్నారు. ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి ‘బాన్సురి’ పేరుతో కళల పుస్తకం కూడా తెచ్చింది. పుస్తకం మంచిదే. కానీ దేశంలో లక్షకు పైగా బడులు ఒకే టీచరుతో నడుస్తున్నాయని, అలాంటివి ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువని 2024-25 యూడైస్ లెక్కలు చెప్పాయి. ఐదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని, మధ్యాహ్న భోజనం చూసుకుని, యాపుల్లో ఫొటోలు ఎక్కించే ఆ ఒక్కరినే సంగీతమూ నేర్పమనడం అన్యాయం. నిధుల్లేవనే మాటా నేను ఒప్పుకోను. 27,409 జీతాలకు నిధులు దొరికాయి.

ప్రభుత్వాలకు తెలియక కాదు. కేంద్రీయ విద్యాలయ సంఘటన్ 2022 డిసెంబర్ నోటిఫికేషన్‌లో ప్రాథమిక తరగతుల సంగీతం టీచర్లకే 303 పోస్టులున్నాయి. పార్ట్‌టైం కాదు, రెగ్యులర్ పోస్టులు. 2023లో తెలంగాణ గురుకులాల నియామకాల్లో ఆర్ట్, క్రాఫ్ట్, మ్యూజిక్ టీచర్లకు విడిగా పోస్టులిచ్చారు. కేంద్ర ఉద్యోగి బిడ్డకు ఒకటో తరగతి నుంచే సంగీతం టీచరు కావాలని తెలిసినవాళ్లకు, మండల పరిషత్ బడిలో కూలివాడి బిడ్డకూ కావాలని తెలియదా?

మన కళాచరిత్రలో ఇందుకో సాక్ష్యం ఉంది. రాజమండ్రి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్‌డ్రే చిత్రలేఖనం తెలిసినవాడు. ఆయన కంటపడ్డాడు కాబట్టే దామెర్ల రామారావు బొంబాయి జేజే స్కూల్ దాకా వెళ్లగలిగాడు. 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే చనిపోయినా ఆంధ్ర చిత్రకళకు దారి వేసి వెళ్లాడు. కూల్‌డ్రే ఆ ఊరికి రావడం మన అదృష్టం. వందేళ్లయినా పల్లె పిల్లల విషయంలో మనం ఇంకా ఆ అదృష్టాన్నే నమ్ముకుని ఉండటం మాత్రం సిగ్గుచేటు.

కొండపల్లి, ఏటికొప్పాక, చేర్యాల, నిర్మల్ వంటి చోట్ల స్థానిక కళాకారులను బడికి పిలవాలన్న మాట కూడా 2020 విద్యావిధానంలో ఉంది. పిలవండి. పొణికి కర్ర చెక్కో, లక్క రంగులద్దో బతికే మనిషి బడికి వచ్చిన పూట ఆ పూట పని పోగొట్టుకుంటాడు. శాలువా కప్పి పంపితే ఇల్లు గడవదు. గౌరవం పేరుతో ఉచిత సేవ అడగటం ఇకనైనా ఆపాలి.

ఇదే విధానం కళల టీచర్లను స్కూల్ కాంప్లెక్సులోని బడులన్నీ పంచుకోవచ్చని చెబుతోంది. అందులో కష్టమేమీ లేదు. ప్రతి కాంప్లెక్సుకు ఒక రెగ్యులర్ డ్రాయింగ్ లేదా సంగీతం పోస్టు మంజూరు చేసి, ఆ టీచరు వారంలో ఒక్కో రోజు ఒక్కో ప్రాథమిక బడికి వెళ్లేలా టైంటేబుల్ వేయొచ్చు. ఏళ్ల తరబడి పార్ట్‌టైంలో నలిగినవాళ్లకు ఆ నియామకాల్లో వెయిటేజీ ఇవ్వాలి. ఆ రెగ్యులర్ టీచరు సెలవు పెట్టిన రోజున బదులు టీచర్లను పిలవండి, రోజు కూలి మర్యాదగా ఇవ్వండి. అప్పుడు తాత్కాలిక టీచరుకు అర్థముంటుంది. అసలు పోస్టే ఇవ్వకుండా తాత్కాలికం గురించి ఉపన్యాసాలు చెప్పడం నిరుద్యోగ కళాకారుణ్ని, పల్లె పిల్లవాణ్ని కలిపి మోసం చేయడమే.

విద్యామంత్రులిద్దరికీ ఒకటే విన్నపం. వచ్చే డీఎస్సీ నోటిఫికేషన్‌లో డ్రాయింగ్, సంగీతం అనే వరుసలు చేర్చండి. చేర్చేదాకా ప్రాథమిక విద్యలో కళ గురించి మాట్లాడకండి.