పందెములపై పన్ను

పందెములపై పన్ను హెచ్చించినచో జూదము తగ్గుననియు, ప్రభుత్వపు బొక్కసము నిండుననియు పలువురు తలంతురు. ఈ రెండు ఫలములును ఏకకాలమున చేకూరుట దుర్లభమని బ్రిటను దేశపు అనుభవము తెలుపుచున్నది.

1926లో ఆర్థికమంత్రి విన్‌స్టన్ చర్చిల్ గారు పందెములపై సుంకము విధించిరి. గుఱ్ఱపు పందెముల మైదానమున నూటికి 2, వెలుపల 3½ చొప్పున దానిని నిర్ణయించిరి. కాని వీథులలో పందెములు కాయుట అప్పుడు నేరము. చాటున జరుగు బేరమునకు లెక్కపుస్తకముండదు గదా! ఆశించిన రాబడి రాకపోగా 1929లో ఆ సుంకము రద్దయ్యెను.

పందెపు దుకాణములు 1961లో చట్టబద్ధములైన పిదప, 1966లో సుంకము మరల వచ్చెను. అది 1990 దశకాంతమునకు నూటికి 6¾ గా నుండెను. పందెములు స్వీకరించు వర్తకులగు బుక్కీలు 100 పౌనులు పుచ్చుకొని 85 తిరిగి చెల్లించిరనుకొందము. మిగులు 15 పౌనులలో సుమారు సగము సుంకమునకే పోవును. అందుచే వారు ఆ భారమును పందెగాండ్రపై మోపి, నూటికి 9 వసూలు చేయుచుండిరి. 1999లో ఒక పేరుమోసిన బుక్కీ జిబ్రాల్టరునకు తరలి, టెలిఫోను ద్వారా పందెములు స్వీకరింపసాగెను, ఇతరులును అనుసరించిరి. తుదకు 2001 అక్టోబరున ప్రభుత్వము పందెపు మొత్తముపై సుంకమును తొలగించి, బుక్కీల మిగులుపై నూటికి 15 విధించెను.

ఇంతమాత్రముచే పన్ను తగ్గించుటయే మేలని నేననను. బుక్కీ యెచట నున్నను, పందెగాడు బ్రిటనులో నివసించినచో పన్ను చెల్లింపవలెనని 2014లో శాసనమయ్యెను. ఈ కట్టుదిట్టము జరిగిన పిమ్మటనే, ఇంటర్నెట్టు పందెములలో పెక్కింటిపై పన్నును 2027 ఏప్రిలు నుండి 25కు హెచ్చింతుమని 2025 నవంబరున ప్రకటించిరి. ముందు గండి పూడ్చి, తరువాత నీరు నింపుట వివేకము.

మన దేశమునను గుఱ్ఱపు పందెములపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి నూటికి 40 అయ్యెను. అదియు మిగులుపై గాక, పందెపు మొత్తముపైననే. పన్ను చెల్లించు మైదానమును విడిచి, జనులు చెల్లింపని చాటు బుక్కీ నాశ్రయించినచో, జూదము తగ్గదు, రాబడియు పెరుగదు. కావున పన్నుతోపాటు రహస్య వ్యాపారమును అరికట్టుటయు ఆవశ్యకము.

విద్యార్థులారా, పన్ను హెచ్చెనను వార్త వినినపుడు, అది దేనిపై పడినది, ఎవరు తప్పించుకొనగలరు అని ప్రశ్నింపుడు. జూదమును మాన్పుటయే పాలకుల యుద్దేశమైనచో, ఆ పద్దు క్రింద రాబడి యేటేట తగ్గుటయే వారికి సంతోషకారణము కావలెను. ఆ ధనము సంసారుల యిండ్ల నుండి వచ్చినదే గదా!