తూకపురాళ్ళను తూచేదెవరు?

కిరాణా కొట్లోని తూకపురాయి మీద ఒక ముద్ర ఉంటుంది. తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరు గడువు ప్రకారం సరిచూసి వేసే ముద్ర అది. వ్యవహారం అంతటితో ఆగదు. ఆ ఇన్‌స్పెక్టరు చేతిలోని ప్రమాణపు రాయిని ఇంకొక ప్రయోగశాల సరిచూస్తుంది. దాని దగ్గరున్న రాయిని అంతకంటె పైది సరిచూస్తుంది. ఆ వరుస ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దాకా పోతుంది. కిలో కందిపప్పు కొనేవాడి కోసం ఈ దేశం ఇంత శ్రద్ధ తీసుకుంది. మూడేళ్ళ డిగ్రీ పట్టా కొనేవాడి కోసం (కొనడమనే మాట కావాలనే వాడుతున్నాను) తీసుకోలేదు.

మన కళాశాలలను, విశ్వవిద్యాలయాలను తూచేందుకు 1994లో యూజీసీ బెంగుళూరులో ఒక సంస్థను నెలకొల్పింది. నాక్ అని అందరూ ఎరిగినదే. ఏడు ప్రమాణాలు, నాలుగుకు లెక్కగట్టే సగటు, దాని మీద ఎ ప్లస్ ప్లస్ నుంచి డి వరకు అక్షరాలు. 3.51 దాటితే ఎ ప్లస్ ప్లస్. ఆ అక్షరం కళాశాల ప్రహరీగోడ మీద, పట్టణంలోని ప్రతి హోర్డింగు మీద, బస్సుల వెనుక కనిపిస్తుంది. స్వయంప్రతిపత్తి, దూరవిద్యా కోర్సులు, నిధులు, అన్నీ ఆ అక్షరాన్ని పట్టుకుని వేలాడుతుంటాయి. ఇంత బరువు మోసే అక్షరాన్ని ఇచ్చే సంస్థను ఎవరు తూస్తున్నారు? నా ఫిర్యాదంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

లంచాల సంగతి ముందు చెప్పి పక్కన పెడతాను. 2023 మార్చిలో నాక్ కార్యనిర్వాహక సంఘం అధ్యక్షులు భూషణ్ పట్వర్ధన్, సంస్థలో అక్రమాలు జరుగుతున్నాయన్న అనుమానాన్ని వెలిబుచ్చి రాజీనామా చేశారు. 2025 ఫిబ్రవరిలో మన గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయానికి మంచి గ్రేడు ఇప్పించే వ్యవహారంలో సీబీఐ పదిమందిని అరెస్టు చేసింది. అందులో తనిఖీ బృందం అధ్యక్షుడూ సభ్యులూ ఉన్నారు. నగదు, బంగారం, సెల్‌ఫోన్లు, లాప్‌టాప్‌లు చేతులు మారాయన్నది అభియోగం. నిజానిజాలు న్యాయస్థానం తేల్చాలి. ఆ వారమంతా పత్రికలు లాప్‌టాప్‌ల లెక్క రాశాయి. నా మటుకు నాకు అది అసలు జబ్బు కాదు, జబ్బు పైకి తేలిన పొక్కు మాత్రమే. లంచం అడగని బృందం వచ్చినా జరిగేది చూడండి.

నేను పాఠాలు చెప్పిన ఒక కళాశాలలో (పేరు అనవసరం, మీలో ఉపాధ్యాయులైనవారికి మీ కళాశాలే గుర్తుకొస్తుంది) నాక్ బృందం రాకకు మూడు నెలల ముందు నుంచి సిద్ధం కావడం మొదలైంది. గోడలకు సున్నం వేశారు. పూలకుండీలు నర్సరీ నుంచి అద్దెకు వచ్చాయి. సామాన్ల గదికి రాత్రికి రాత్రి "మహిళా సాధికారత కేంద్రం" అని బోర్డు మొలిచింది. అయిదేళ్ళుగా ఎన్నడూ సమావేశం కాని సంఘాలన్నిటికీ మినిట్స్ పుస్తకాలు తయారయ్యాయి. ఒకే సిరాతో రాస్తే అనుమానం వస్తుందని నాలుగు రకాల కలాలు తెప్పించారు. ఒక పుస్తకాన్ని పాతబడినట్టు కనిపించాలని వారం రోజులు ఎండలో పెట్టినవారూ ఉన్నారు. (ఈ ప్రతిభను పాఠాల మీద పెట్టి ఉంటే!) బృందం వచ్చింది, రెండు రోజులుంది. సభ్యులు మర్యాదస్తులు, పెద్దమనుషులు. కాఫీ తప్ప మరేమీ ముట్టుకోలేదు. చూపించిన పుస్తకాలన్నీ చూశారు. చక్కటి గ్రేడే వచ్చింది.

ఆ మూడు నెలలూ రెండో సంవత్సరం రసాయనశాస్త్రం పాఠాలు దాదాపు జరగలేదు. అధ్యాపకులంతా దస్త్రాల పనిలో ఉన్నారు. ఆ సంగతి నింపవలసిన గడి ఏ ఫారములోనూ లేదు.

తూచేవాడికి తూకపురాయిని సరుకు అమ్మేవాడే అందిస్తున్నాడు. 2017లో పద్ధతి మార్చి, దాదాపు 70 శాతం మార్కులు కళాశాల తానే పంపే అంకెల మీద ఆధారపడేటట్టు చేశారు. ఆ అంకెలను బయటి సంస్థ సరిచూస్తుందన్నారు. సరిచూడడమంటే అంకెకు తగిన కాగితం జతపడిందా లేదా అని చూడడం. కాగితం ఎప్పుడైనా జతపడుతుంది. దానికి నాలుగు కలాలు చాలు.

వృత్తివిద్య వైపు చూసినా ఇదే కథ. ఐటీఐల గుర్తింపుకు ముందు తనిఖీ చేసే బాధ్యతను 2012లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు అప్పగించారు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే ప్రైవేటు ఐటీఐలు వేల సంఖ్యలో పుట్టుకొచ్చాయి. ఆ గుర్తింపులు నియమాల ప్రకారం ఇచ్చినవి కావని పార్లమెంటు స్థాయీ సంఘమే తప్పుపట్టింది. ప్రమాణాలు రాసేదీ, పరీక్ష ఏర్పాటు చేసేదీ ఒకే గూటివారైతే ప్రయోజనాల ఘర్షణ తప్పదని 2016లో శారదాప్రసాద్ సంఘం సెక్టార్ స్కిల్ కౌన్సిళ్ళ గురించి చెప్పింది. అందుకే 2018లో జాతీయ వృత్తివిద్యా శిక్షణ మండలిని ప్రకటించారు, 2020లో అది పని మొదలుపెట్టింది. సర్టిఫికెట్లు ఇచ్చేవారిని నియంత్రించడం దాని పని. ఆలోచన మంచిదే. కాని 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక చదవండి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన రికార్డులలో 90 శాతానికి మించిన అభ్యర్థుల బ్యాంకు ఖాతా గడిలో సున్నాలో, ఖాళీయో ఉన్నాయట. ఆ గడిని ఎవరూ తెరిచి చూడలేదనడానికి వేరే సాక్ష్యం కావాలా?

"అయితే ఈ సంస్థలన్నీ ఎత్తివేయమంటావా?" అని మిత్రుడొకాయన అడిగాడు. అననే అనను. నాక్ రాకముందు కళాశాలను గ్రంథాలయంలో ఎన్ని పుస్తకాలున్నాయని అడిగే నాథుడే లేడు. నేనడిగేది తూకపురాయికి ముద్ర మాత్రమే.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. యూరపులో విద్యామంత్రులు 2005లో బెర్గెన్ నగరంలో కొన్ని ప్రమాణాలు ఆమోదించారు, 2015లో యెరెవాన్‌లో వాటిని సవరించారు. వాటి ప్రకారం కళాశాలలను తనిఖీ చేసే సంస్థ తానే అయిదేళ్ళకొకసారి బయటివారి తనిఖీకి కూర్చోవాలి. ఆ నివేదికను అందరికీ కనబడేలా ప్రచురిస్తారు. తప్పితే యూరపు నమోదు పట్టికలో చోటు దక్కదు. అంతదూరం ఎందుకు, మన దేశంలోనే ఇంజనీరింగు కోర్సులను చూసే ఎన్.బి.ఎ. ఉంది. విదేశాలలో మన పట్టాకు విలువ కావలసివచ్చి వాషింగ్టన్ ఒప్పందంలో చేరబోతే, ఇతర సభ్యదేశాలవారు దాని పనితీరును పరిశీలించారు. 2007లో తాత్కాలిక సభ్యత్వం ఇచ్చి, పూర్తి సభ్యత్వం 2014 దాకా ఇవ్వలేదు. అంటే పరాయివాడు అడిగితే పరీక్షకు కూర్చుంటాం. మన ఊరి బి.ఎ. పిల్లవాడు అడిగితే కూర్చోం!

నిజానికి ఒకసారి ఆ దారిన నడవబోయాం. గుర్తింపు సంస్థలను నమోదుచేసి, వాటిపై కన్నేసి ఉంచే ప్రాధికార సంస్థ కోసం 2010లో లోక్‌సభలో బిల్లు పెట్టారు. 2014లో సభతోపాటు అదీ కాలం చేసింది. ఎవరూ కన్నీరు పెట్టినట్టు లేదు.

తరువాత రాధాకృష్ణన్ సంఘం సిఫారసుల మీద అక్షరాలను తీసివేసి "గుర్తింపు ఉంది, లేదు" అనే రెండే మాటలతో సరిపెట్టాలని, సందర్శనలు తగ్గించి సమాచారం మీద ఎక్కువ ఆధారపడాలని నిర్ణయించారు. తప్పుడు సమాచారానికి దండన ఉంటుందన్నారు. సందర్శకుడు లంచం తింటున్నాడని సందర్శనే తగ్గించడం, ఇన్‌స్పెక్టరు మంచివాడు కాడని ముద్ర దుకాణదారు చేతికే ఇవ్వడం వంటిది. నాలుగు కలాల మాట పైన చెప్పాను కదా.

2025 డిసెంబరులో వికసిత్ భారత్ శిక్షా అధిష్ఠాన్ బిల్లు లోక్‌సభకు వచ్చి, సంయుక్త పార్లమెంటరీ సంఘానికి వెళ్ళింది. గుర్తింపు వ్యవహారాలకు అందులో ప్రత్యేకంగా ఒక పరిషత్తును ప్రతిపాదించారు. పేరు మారడం, కార్యాలయం మారడం నాకు పట్టవు. ఆ సంఘానికి నేను రాయదలచిన లేఖలో ఒకే వాక్యం ఉంటుంది: ఆ పరిషత్తును అయిదేళ్ళకొకసారి ప్రభుత్వంతోను, ఏ కళాశాల యాజమాన్యంతోను సంబంధం లేని బయటి బృందం తనిఖీ చేయాలి, ఆ నివేదికను ఒక్క అక్షరమైనా మార్చకుండా ప్రచురించాలి. మీలో ఎవరికైనా సమ్మతమైతే ఆ వాక్యాన్ని యథాతథంగా తీసుకుని మీ పేరుతోనే పంపుకోవచ్చు.