పాత పనిముట్లు, కొత్త భాషలు

క్రిందటి నెల వచ్చిన ఉత్తరాలలో ఒక తల్లి వ్రాసిన ఉత్తరం మమ్మల్ని ఆలోచనలో పడవేసింది. వారి అబ్బాయికి బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం. సాయంకాలం ఇల్లు చేరిన తరువాత కూడా, జీతం భత్యం లేకుండా, ఏదో పాత పనిముట్టును కొత్త భాషలో తిరగ వ్రాస్తున్నాడట. “పాతది పనిచేస్తూనే ఉన్నదంటాడు. మరి తిరగ వ్రాయడమెందుకండీ?” అని ఆమె అడిగారు. ఇటువంటి బిడ్డలు మన కుటుంబాలలో ఇంకా ఉన్నారు కనుక ఈ నెల ఆ ముచ్చటే చెప్పుకొందాము.

పనిముట్లంటే ఫైలుకు నకలు తీయడం, తేదీ చెప్పడం, జాబితాను వరుసలో పెట్టడం వంటి చిన్న చిన్న ప్రోగ్రాములు. లినక్సు కంప్యూటర్లలో ఇవి చాలావరకు 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ఉద్యమం నుంచి వచ్చినవే. వీటి మూలం అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా చదవవచ్చును, దిద్దవచ్చును, పంచుకోవచ్చును. వీటిని వ్రాసింది ముఖ్యంగా సీ అనే భాషలో.

సీ చురుకైన భాషే గాని, కాపలా లేనిది. కంప్యూటరు జ్ఞాపకంలో ఎంత చోటు తీసుకొన్నామో, దాని హద్దు ఎక్కడో వ్రాసేవాడే గుర్తుంచుకోవాలి. హద్దు దాటితే అదే దొంగకు దారి. తమ సాఫ్టువేరులో ఏటా సరిదిద్దే భద్రతా లోపాలలో నూటికి డెబ్బయి ఈ జాతివేనని మైక్రోసాఫ్టు వారు 2019లో చెప్పారు. మామూలు మనిషికి అవసరం మేరకు యజమాని అధికారం ఇచ్చే ‘సుడూ’ అనే పనిముట్టులో 2011లో చేరిన ఇటువంటి లోపం 2021 జనవరిలో గాని బయటపడలేదు. 2015లో తొలి స్థిరరూపం వచ్చిన రస్టు భాష ఇటువంటి పొరపాట్లను చాలావరకు ప్రోగ్రాము తయారయ్యే వేళనే పట్టి ఆపివేస్తుంది. కనుక ఆ అబ్బాయిది వెర్రి పని కాదు.

అయితే రెండవ పక్క కూడా చూడాలి. గ్నూ పనిముట్లను రస్టులో తిరగ వ్రాసే ‘యూయుటిల్స్’ ప్రయత్నం 2013లో మొదలైంది. 2025 అక్టోబరులో వెలువడిన ఉబుంటూ 25.10లో వీటినే వాడుకలో పెట్టారు. కొద్ది రోజులకే ఒక చిక్కు వచ్చింది. తేదీ చెప్పే పనిముట్టుకు ఒక ఫైలును చూపి అడిగితే, ఆ ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో చెప్పాలి. కొత్త పనిముట్టు ఆ ప్రశ్నను విన్నట్టే విని, ఆ క్షణపు తేదీ చెప్పి ఊరుకొన్నది. ‘నాకు చేతకాదు’ అన్నా బాగుండేది! దానిని నమ్ముకొన్న కొన్ని కంప్యూటర్లు కొత్త దిద్దుబాట్లు వచ్చాయేమో తమంతట తాము చూసుకోవడం మానివేశాయి. భద్రత కోసం తెచ్చిన మార్పు భద్రతకే అడ్డు వచ్చిందన్నమాట. ఆ నెలలోనే సరిచేశారు.

తంజావూరు సరస్వతీ మహలులో మన తాళపత్రాలను చూచినవారికి ఇది కొత్త సంగతి కాదు. నకలు వ్రాసేవాడు తెలియని చోట ఖాళీ వదిలితే చదువరికి లోపం కనబడుతుంది. తోచిన మాట పెట్టి సాగిపోతే ఎవరికీ కనబడదు. పాత ప్రోగ్రాములో అర్థం లేనట్టు కనిపించే పంక్తి ఒక్కొక్కప్పుడు ఏనాడో ఎవరికో కలిగిన ఇబ్బందికి వేసిన అతుకు. దానిని తీసివేసేవాడు ఆ ఇబ్బందిని మళ్ళీ పిలుస్తాడు.

మరి ఎలా వ్రాయాలి? 2005లో పుట్టిన ‘ఫిష్’ అనే ప్రోగ్రామును చూడండి. దానిని కనిపెట్టుకొని ఉన్నవారే 2023లో రస్టులోకి మార్చడం మొదలుపెట్టారు. ఇంట్లో కాపురముంటూనే గది తరువాత గది బాగుచేసుకొన్నట్టు ఒక్కొక్క భాగమే మార్చి, 2025 ఫిబ్రవరిలో 4.0 వెలువరించారు. ‘కర్ల్’ సంగతి వేరు. అందులో రస్టుతో వ్రాసిన ఒక భాగాన్ని కలపాలని 2020లో పూనుకొన్నారు. అడిగేవారు తక్కువ, రెండు భాషలూ తెలిసి కూర్చొని పూర్తిచేసేవారు అంతకంటె తక్కువ. 2024 డిసెంబరులో దానిని తీసివేస్తామని డేనియల్ స్టెన్‌బర్గ్ ప్రకటించారు. భాషలో లోపం లేదు, చేతులే చాలలేదు.

మాకు తోచినంతలో అసలు విషయం ఇదే. తిరగ వ్రాయడం కొన్నేళ్ళ పని. పోషణకు ముగింపు లేదు. సుడూను టాడ్ మిల్లర్ ముప్పయి ఏళ్ళకు పైబడి చూసుకొంటున్నారు. కొత్తది వచ్చిన నాడే పాతది మాయం కాదు. రెండూ ఉన్నంతకాలం ఒకదానిలో తప్పు దొరికితే రెండవదానిలోనూ వెదకాలి. వ్రాసినవారికి పేరు వస్తుంది. ఫిర్యాదులు చదివి, దిద్ది, జవాబు చెప్పేవారిని పలకరించేవారుండరు.

అమ్మా, మీ అబ్బాయిని మానమని చెప్పకండి. భోజనాల వేళ మూడు మాటలు మాత్రం అడగండి: “పాతదానిని చూసుకొంటున్న పెద్దలతో మాట్లాడావా? చేతకాని చోట చేతకాదని నీ ప్రోగ్రాము చెబుతుందా? నీకు పెళ్ళయి, పిల్లలు పుట్టి, తీరిక లేనప్పుడు దానిని ఎవరు చూస్తారు?” మూడవదానికి జవాబు లేకపోతే, పాతదానిలోనే ఒక తప్పు దిద్ది రమ్మనండి. అదీ సేవే.

అతడేమన్నాడో మాకు వ్రాయండి. వచ్చే నెల ఈ పుటలోనే వేస్తాము.