కూర్చునే ఉన్నా లేనట్టే!

సంక్రాంతికి అత్తారింటికొచ్చిన అల్లుడు తిరిగి హైదరాబాద్ చేరాలంటే రాజమండ్రిలో గౌతమికో గోదావరికో టికెట్ ఉండాలి. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ 60 రోజులకే పరిమితమైంది. అంటే పండగ తిరుగు ప్రయాణానికి నవంబరు మధ్యలోనే, పొద్దున్న ఎనిమిదింటికల్లా కంప్యూటర్ ముందుండాలి. ముందే లాగినై గడియారం వంక చూస్తూ కూర్చుంటే, తీరా బటన్ నొక్కగానే 'సెషన్ ఎక్స్‌పైర్డ్' అనొచ్చు. మళ్లీ లాగినయ్యేసరికి వెయిటింగ్ లిస్టు చాంతాడంత!

మనిషి కుర్చీలోంచి కదల్లేదు. మరి గడువెలా తీరింది?

వెబ్ సర్వర్‌కు మతిమరుపు. ఒక క్లిక్‌కు జవాబు పంపాక ఆ మనిషెవరో దానికి గుర్తుండదు. అందుకే లాగిన్ కాగానే గుడి దగ్గర చెప్పుల స్టాండువాడిలా ఓ టోకెన్ ఇస్తుంది. దాన్ని దాచిపెట్టేదే కుకీ. 1994లో నెట్‌స్కేప్ ఉద్యోగి లూ మాంటుల్లీ ఆలోచన అది. క్లిక్ చేసినప్పుడల్లా బ్రౌజర్ టోకెన్ చూపిస్తుంది, సర్వర్ టైము మళ్లీ మొదట్నుంచి లెక్కపెడుతుంది. చిక్కంతా ఇక్కడే. ఫారంలో పేర్లూ వయసులూ టైపు చేస్తున్నంతసేపూ చాలా సైట్లలో సర్వర్‌కు కబురే వెళ్లదు. దాని లెక్కలో మనిషి లేచి వెళ్లిపోయినట్టే.

ఈ గడువు పీహెచ్‌పీలో మామూలుగా 24 నిమిషాలు, టామ్‌క్యాట్‌లో 30. డబ్బుతో ముడిపడ్డ సైట్లకు 2 నుంచి 5 నిమిషాలు చాలంటుంది వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ. దేవీచౌక్ దగ్గర ఏ నెట్ సెంటర్లోనో ఒకరు లాగౌట్ మరిచి వెళ్తే, తర్వాత కూర్చున్నవారి చేతికి వాళ్ల ఖాతా చిక్కకూడదు కదా.

గడువు పెట్టడం తప్పు కాదు, చెప్పకుండా తలుపేయడం తప్పు. బాగా రాసిన సైటు బ్రౌజర్లోనే ఓ గడియారం నడిపి, 'ఇంకా ఉన్నారా?' అని ముందే అడుగుతుంది. జవాబిచ్చేందుకు కనీసం 20 సెకన్లు ఇవ్వాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ గడియారాన్నే నమ్ముకున్నా కుదరదు. పక్క ట్యాబులో క్లిక్ చేస్తే సర్వర్ దగ్గర గడువు పెరుగుతుంది, ఈ ట్యాబుకు ఆ సంగతి తెలీదు. చివరి మాట సర్వర్‌దే. గడువు తీరితే అది 401 అనే కోడ్ పంపుతుంది. దాన్ని పసిగట్టి, నింపిన వివరాలు పోకుండా ఉంచి, పాస్‌వర్డ్ ఒక్కటే అడగొచ్చు. అదేమంత బ్రహ్మవిద్య కాదు. అయినా ఎన్నో సైట్లు ఫారమంతా తుడిచేసి లాగిన్ పేజీ ముందు నిలబెడుతున్నాయి.

ఐఆర్‌సీటీసీలో 'మాస్టర్ లిస్ట్' ఉంది. ఇంటిల్లిపాది పేర్లూ వయసులూ ముందు రోజే అందులో పెట్టుకుంటే, ఎనిమిదింటికి టైపు చేయాల్సింది చాలా తక్కువ.