కాలికి ఆపరేషన్ సరే, తుంటి సంగతేమిటి?

తాటిచెట్టు మీంచి పడో, ట్రాక్టరు తిరగబడో విరిగిన కాలు నెలల తరబడి అతుక్కోకపోతే, డాక్టర్లు తరచు తుంటి నుంచి కొంత ఎముక తీసి విరిగిన చోట పెడతారు. మొలతాడు నిలిచే చోట చేతికి తగిలే ఎముక అంచే అది. సొంత ఎముక కనుక శరీరం తిరస్కరించదు. అందులోని జీవకణాలు కొత్త ఎముక పెరగడానికి తోడ్పడతాయి. పద్ధతి మంచిదే, ఎందరో మళ్లీ నడిచారు. అయితే ఈ ఆపరేషన్‌లో గాయాలు రెండు. ఆ రెండో గాయం గురించి రోగికి ముందుగా చెప్పేవారే కరువు.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే చీటీలో కాలు ఎప్పుడు నేలకు మోపాలో ఉంటుంది. తుంటి ఊసు చాలాసార్లు ఉండదు. తీరా ఇంటికొచ్చాక కాలికన్నా తుంటే ఎక్కువ సలుపుతుంటే రోగి, ఇంటివారు కంగారు పడతారు. బాగున్న ఎముకను పాడు చేశారన్న మాట ఊళ్లో పుట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. కొందరికి నెలలు పడుతుంది, ఏళ్ల తరబడి వేధించడమూ ఉంది. తొడ వెలుపలి వైపు స్పర్శనిచ్చే నరం ఆ ఎముక ముందు కొనకు దగ్గరగా పోతుంది. అది దెబ్బతింటే తొడ మొద్దుబారుతుంది, లేదా మంట పుడుతుంది. అందుకే సర్జన్లు ముందు కొన నుంచి సుమారు 3 సెంటీమీటర్లు వదిలి ఎముక తీస్తారు. అయినా నరం దారి అందరిలో ఒకేలా ఉండదు.

గాయం ఎర్రబడి చీము పట్టినా, జ్వరం వచ్చినా, దగ్గినప్పుడు అక్కడ ఉబ్బు కనిపించినా, అడుగు వేస్తుండగా పుటుక్కుమని నిలబడలేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఎముక తీసిన చోటు కొంతకాలం బలహీనంగా ఉంటుంది. డాక్టరు సరేననే వరకు బస్తాలు మోయరాదు. మొలతాడు, పంచె ముడి, చీర కుచ్చిళ్లు కుట్ల మీద ఒరుసుకోకుండా చూసుకోవాలి (ఈ మాట చెప్పడానికి పెద్ద డాక్టరే అక్కర్లేదు, నర్సమ్మ చాలు). ఆకు పసర్లు పూయరాదు. బీడీ, చుట్ట మానాలి. పొగ ఎముక అతుకును ఆలస్యం చేస్తుంది.

ఆపరేషన్‌కు ముందు సంతకమో, వేలిముద్రో తీసుకుంటారు. ఆ కాగితం తెలుగులో ఉండాలి. అందులో తుంటి ప్రస్తావన ఉండాలి. చదువురాని వారికి ఎవరైనా చదివి వినిపించాలి. కుట్లు తీసే రోజున కాలుతో పాటు తుంటిని కూడా డాక్టరు చూడాలి. చూడకపోతే "అయ్యా, ఇక్కడ కూడా" అని రోగే చూపించాలి.