ఎలుకల బాధకు ఇల్లు తగులబెట్టుట

నేరము చేసినవానిని పట్టి శిక్షించుట రాజధర్మము. నేరస్థుడు నడచిన వీధిని మూసివేసి, ఆ వీధి వారినందఱిని నిర్బంధించుట రాజధర్మము కాదు. ఈ భేదము సామాన్యులకు సైతము తెలిసినదే. కాని ఇంటర్నెట్టు విషయమున మన ప్రభుత్వమును, ఆ సేవను మనకు విక్రయించు కంపెనీలును దీనిని పలుమాఱులు మఱచినవి.

మా మాటలను అపార్థము చేసికొనకుందురుగాక. పసిబిడ్డలపై జరుగు అత్యాచారముల చిత్రములను పంచు నీచులపై మాకు లేశమైనను జాలి లేదు. సమాచార సాంకేతిక చట్టము 67-బి సెక్షను క్రింద అట్టివానిని వెదకి చూచుట సైతము నేరమే. ఆ సెక్షను కఠినముగ అమలు జరుగవలయుననియే మా కోరిక. పరుల కష్టార్జితమగు చలనచిత్రమును దొంగిలించి పంచుట చౌర్యమే. వీనిని అరికట్టవలదని ఎవ్వరును అనరు. ఎట్లు అరికట్టవలయునన్నదే ప్రశ్న.

జరిగిన కథను ఒకింత స్మరింతము. 2003 సెప్టెంబరులో మేఘాలయకు చెందిన ఒక తీవ్రవాద సంస్థకు సంబంధించిన చిన్న యాహూ బృందమును మూయుడని కేంద్రప్రభుత్వమువారు ఉత్తరువు చేసిరి. కంపెనీలు ఆ ఒక్కదానిని వేఱుచేయలేక యాహూ బృందములనన్నిటిని మూసినవి. 2006 జూలైలో కొలది బ్లాగులను మూయుమనగా, పలు కంపెనీలు బ్లాగులకు నెలవైన స్థలములనే యావత్తు మూసినవి. 2012లో తెలుగు చిత్రము ‘దమ్ము’, తమిళ చిత్రము ‘3’ దొంగప్రతులను ఆపుటకై మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తరువును చూపి, విమియో, డైలీమోషన్ వంటి వెబ్‌సైట్లను మూసిరి. దొంగప్రతి యున్న ప్రత్యేక చిరునామాకే గాని యావత్తు వెబ్‌సైటునకు తమ ఉత్తరువు వర్తింపదని ఆ యేటి జూనులో హైకోర్టువారే స్పష్టపఱుపవలసి వచ్చెను.

ఐనను గుణపాఠము నేర్చినవారు లేరు. 2014 డిసెంబరులో 32 వెబ్‌సైట్లు మూతపడగా వానిలో ఇంటర్నెట్ ఆర్కైవు ఒకటి. 2017 ఆగస్టులో రెండు హిందీ చిత్రముల నిర్మాతలు తెచ్చిన ఉత్తరువుల వలన 2,600కు పైగా చిరునామాలతో కూడ అదియే మరల మూతపడెను. ఆ భాండాగారమున నున్నవేమి? వేలకొలది గ్రంథములు, వానిలో అంగళ్లలో దొరకని మన పాత తెలుగు పుస్తకములు, పత్రికలు ఎన్నో కలవు. ఒక చిత్రపు దొంగప్రతికై గ్రంథాలయమునకే తాళము వేసిరి. పఠనమందిరములలో కూర్చుండి ఈ పంక్తులను చదువు సోదరులకు ఈ నష్టమెట్టిదో మేము చెప్పనక్కఱలేదు.

ఇట్లేల జరుగుచున్నది? మొదటి కారణము యంత్రధర్మము. నేడు పెక్కు వెబ్‌సైట్లు తమ రాకపోకలను రహస్యలిపిలో నడుపుచున్నవి. కంపెనీకి వెబ్‌సైటు పేరు కానవచ్చును గాని, అందలి పుట కానరాదు. ఆ పుటను ఆపుమన్నచో అది మొత్తమును ఆపును. రెండవ కారణము భయము. తక్కువ మూసినచో ప్రభుత్వము కోపించును; ఎక్కువ మూసినచో అడుగువాడు లేడు. 2015 ఆగస్టులో 857 వెబ్‌సైట్లను మూయించి, ప్రజలలో అలజడి చెలరేగగా, పసిబిడ్డల చిత్రములు లేని వానిని తెఱువవచ్చునని ప్రభుత్వమువారు సెలవిచ్చిరి. ఏవి ఉన్నవో ఏవి లేవో తామెట్లు తీర్పగలమని కంపెనీలు మొఱపెట్టుకొనినవి. ఆ మొఱ న్యాయమైనదే. తీగలు వేయువాడు న్యాయాధిపతి కాజాలడు.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. 1908లో ‘స్వరాజ్య’ పత్రికలోని వ్రాతకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని ఆంగ్లదొరతనమువారు కారాగారమున కంపిరి. 1910 ప్రెస్సుచట్టముతో వారు అంతకు మించిన ఉపాయము పన్నిరి. ముద్రాపకుని యొద్ద ధరావతు కోరి, ఆ సొమ్ము పోవునను భయముచే అతడే రచయిత కలమును అడ్డగించునట్లు చేసిరి. 1922లో ఆ చట్టము రద్దయ్యెను. నాటి ముద్రాపకుని స్థానమున నేడు కంపెనీ నిలిచినది. పాలకులు మాఱినను పద్ధతి మాఱవలదా?

2015 మార్చి 24వ తేదీ తీర్పులో సుప్రీంకోర్టువారు 66-ఎ సెక్షనును కొట్టివేసిరి. వెబ్‌సైట్లను మూయించు 69-ఎ సెక్షనును నిలిపిరి. కారణములు వ్రాతమూలముగ నుండవలయుననుట వంటి రక్షణలు కలవనియే దానిని నిలిపిరి. కాని 2009 నిబంధనలలోని 16వ నిబంధన ఆ ఫిర్యాదులను, చర్యలను రహస్యముగ నుంచుమనుచున్నది. కంటికి కనబడని కారణమును ప్రజలెట్లు ప్రశ్నింతురు?

మేము కోరునది స్వల్పము. ముందుగా నేరస్థుని పట్టుడు. చెడ్డ పుటను దానిని నిలిపియుంచినవానిచేతనే తీయింపుడు. అది సాధ్యము కానప్పుడే కంపెనీని ఆశ్రయింపుడు. యావత్తు వెబ్‌సైటును మూయవలసి వచ్చినచో, దానివలన నిర్దోషులకు కలుగు నష్టమును న్యాయస్థానము విచారింపనిండు. మూసిన తలుపుపై ఎవరి యాజ్ఞ, ఏ కారణము, ఎన్నాళ్లు, ఎవరితో చెప్పుకొనవలెనన్నది వ్రాసియుంపుడు.

ఎలుకలను చంపవలసినదే. కాని ఇల్లు మనది. దానికి నిప్పుపెట్టు అధికారమును మేమెవ్వరికిని ఇయ్యలేదు.